బాత్రూమ్‌లో గ్లాస్ పార్టిషన్: ముందు నీళ్ల సంగతి చూడండి, గాజు సంగతి తర్వాత

ప్రశ్న: నమస్తే అండీ. మాది నిజాంపేటలో 14 ఏళ్ల పాత అపార్ట్‌మెంట్, రెండో అంతస్తు. పెద్ద బాత్రూమ్ 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు ఉంటుంది. తలుపు తీయగానే ఎడమ గోడకి వాష్‌బేసిన్, తర్వాత కమోడ్, చివర షవర్. ఎవరు స్నానం చేసినా కమోడ్ దాకా తడిసిపోతోంది. ఇప్పుడు పాత టైల్స్ కొట్టించి అంతా కొత్తగా చేయిస్తున్నాం, పనిలో పనిగా షవర్ ఎన్‌క్లోజర్ పెట్టిద్దామనుకున్నాం. షోరూమ్‌లో మూలకి 3 అడుగుల చదరంలో జరిపే తలుపులున్న రెడీమేడ్ బాక్స్ చూపించారు. మావారు ఫ్రేమ్ లేకుండా 10 ఎం.ఎం. గాజు తలుపు పెట్టిద్దామంటున్నారు. మా మరిదేమో గాజు దానంతటదే పగులుతుంది, కర్టెన్ చాలంటాడు. మా అత్తయ్యకి 72 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, బకెట్టు మగ్గు లేనిదే స్నానం చేయరు. చిన్నపిల్లలు ఇద్దరు. నీళ్లన్నీ బోరు, ట్యాంకరే. వచ్చే వారం టైల్స్ పని మొదలవుతుంది, కాంట్రాక్టర్ గాజుకి ఇప్పుడే అడ్వాన్స్ కట్టమంటున్నాడు. ఏది తీసుకోమంటారు?

సమాధానం:

అన్నిటికంటే ముందు, గాజుకి అడ్వాన్స్ ఇప్పుడు కట్టకండి. టైల్స్ పని అయిపోయి, సందులు పూడ్చి, గోడలు ఆరాకే కొలతలు తీయాలి. ఎందుకంటే షవర్‌కి వాడే టఫెన్డ్ గాజుని, అంటే వేడిచేసి గట్టిపరిచిన గాజుని, ముందు సైజుకి కోసి, అంచులు అరగదీసి, హింజ్‌లకీ హ్యాండిల్‌కీ రంధ్రాలు వేసి, ఆ తర్వాతే 600 డిగ్రీలు దాటేదాకా కాల్చి గాలితో ఒక్కసారిగా చల్లారుస్తారు. ఒకసారి అలా తయారయ్యాక దాన్ని ఎవరూ కోయలేరు, చిన్న రంధ్రం కూడా వేయలేరు, ప్రయత్నిస్తే మొత్తం పొడైపోతుంది. మీ గోడ మీద టైలూ దాని కింద సిమెంటూ కలిసి ఎంత మందం పడుతుందో మేస్త్రీ పని చేశాక గానీ తెలియదు, పైగా 14 ఏళ్ల పాత గోడలు కింద ఒక కొలత పైన ఒక కొలత ఉండడం మామూలే. అందుకని గ్లాస్ వాళ్లే వచ్చి కింద, మధ్యలో, పైన మూడు చోట్లా వెడల్పు తీసుకుని, గోడ నిలువు సరిగా ఉందో లేదో చూసుకుని వెళ్లాలి. మీ కాంట్రాక్టర్ ఇచ్చిన డ్రాయింగ్ చూసి గాజు చేయించేస్తామనే షాపు మీకొద్దు. ఈ కొలతల తర్వాత గాజు రావడానికి కొన్ని రోజులు పడుతుంది, ఆ కొన్ని రోజులూ బాత్రూమ్ వాడుకోవచ్చు, ఏమీ కొంప మునగదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. మీ ముగ్గురి మాటల్లో ఏది కరెక్టు అంటే, మీ ఇంటికి నేనైతే ఆ మూడూ కాకుండా నాలుగోది చెప్తాను: తలుపే లేని ఒక ఫిక్స్‌డ్ గ్లాస్. కమోడ్‌కీ షవర్‌కీ మధ్య, ఎడమ గోడకి ఆనించి, 32 అంగుళాల వెడల్పూ ఆరున్నర అడుగుల ఎత్తూ ఉన్న ఒకే ఒక్క గాజు. మీ బాత్రూమ్ వెడల్పు 60 అంగుళాలు కాబట్టి కుడివైపు 28 అంగుళాల దారి మిగులుతుంది. గాజుకి అవతల, చివరి గోడ దాకా మూడడుగులు వదలండి. అంటే స్నానానికి 5 అడుగులు బై 3 అడుగుల జాగా వస్తుంది, ఇవతల బేసిన్‌కీ కమోడ్‌కీ కలిపి ఇంకో 5 అడుగులు ఉంటాయి. కమోడ్ మధ్య గీత నుంచి గాజు దాకా 15 అంగుళాలకి తగ్గకుండా చూసుకోండి, 18 ఉంటే ఇంకా హాయి, లేకపోతే కూర్చున్నప్పుడు మోచెయ్యి గాజుకి తగులుతూ ఉంటుంది. ఫ్లాట్‌లో కమోడ్ జరపడం పెద్ద పని, దాని గొట్టం స్లాబ్‌లో ఉంటుంది, అందుకని కమోడ్ ఎక్కడుందో అక్కడే ఉంచి దాన్నిబట్టి గాజు గీత గీయండి. అంగుళం రెండంగుళాలు స్నానం వైపు తగ్గినా నష్టం లేదు.

షోరూమ్‌లో చూపించిన మూల బాక్స్ ఎందుకు వద్దంటున్నానంటే, అది షోరూమ్‌లో చూసినంత సేపూ బాగానే ఉంటుంది. మూడడుగుల చదరంలో రెండు జరిపే తలుపులు మూల దగ్గర కలుస్తాయి, రెండూ పూర్తిగా జరిపినా మిగిలే దారిలోంచి మోకాళ్ల నొప్పులున్న మనిషి అడ్డంగా తిరిగి, కింద తలుపు జరిగే పట్టా దాటుకుని లోపలికి వెళ్లాలి. లోపల ఒక బకెట్టు, ఒక స్టూలు, ఒక మనిషి. మగ్గుతో నీళ్లు ముంచుకుని నెత్తిన పోసుకోవాలంటే చేతులు ఆడాలి కదా, ఆ బాక్స్‌లో మోచెయ్యి గాజుకి కొట్టుకోకుండా తలంటు పోసుకోవడం కుదరదు. ఇక పిల్లలకి స్నానం చేయించేటప్పుడు మీరు బయట నిలబడి చేయి లోపలికి పెట్టాలంటే ఇంకా కష్టం. పైగా బోరునీళ్లకి ఆ కింది పట్టాలో ఉప్పూ సబ్బు జిగురూ పేరుకుని చక్రాలు పట్టేస్తాయి, కొన్నాళ్లకి తలుపు బలవంతంగా లాగాల్సి వస్తుంది. జరిపే తలుపు చెడ్డదని కాదు, ఇద్దరే ఉండే ఇంట్లో, తలుపు బయటికి తెరుచుకునే చోటు లేని ఇరుకు బాత్రూమ్‌లో అదే మంచి దారి. మీ ఇల్లు అలాంటిది కాదు.

మీవారు చెప్పిన 10 ఎం.ఎం. తలుపు విషయానికొస్తే, గాజు ఒక చదరపు మీటరుకి ప్రతి ఎం.ఎం. మందానికీ రెండున్నర కిలోలు తూగుతుంది. రెండడుగుల వెడల్పూ ఆరున్నర అడుగుల ఎత్తూ ఉన్న 10 ఎం.ఎం. తలుపు దగ్గర దగ్గర 30 కిలోలు. ఆ బరువంతా రెండు హింజ్‌ల మీద, ఆ హింజ్‌లు గోడలో దిగిన నాలుగేసి స్క్రూల మీద వేలాడుతూ రోజూ తెరుచుకుని మూసుకోవాలి. మీ గోడ నాలుగున్నర అంగుళాల ఇటుక గోడా, తేలికపాటి బ్లాకులా అన్నది టైల్స్ కొట్టేటప్పుడు కనపడుతుంది. బ్లాకులైతే రంధ్రంలో మామూలు ప్లాస్టిక్ తొడుగు వేసి స్క్రూ బిగించడం చాలదు, కెమికల్ యాంకర్, అంటే రంధ్రంలో జిగురు నింపి బిగించే బోల్టు, వేయించాలి. తలుపు పెడితే ఈ బాధలన్నీ ఉంటాయి, ఫిక్స్‌డ్ గాజుకి చాలావరకు ఉండవు. అది కదలదు, పక్కన గోడ మొత్తం పొడవునా యూ ఛానల్‌లో, అంటే యూ ఆకారపు లోహపు పట్టీలో, కూర్చుంటుంది, పైన ఒక స్టీల్ రాడ్ గాజు అంచు నుంచి ఎదుటి గోడకి పట్టి ఉంచుతుంది. ఆ పై రాడ్ అందానికి బాగోదని కొందరు వద్దంటారు, దయచేసి వద్దనకండి, 32 అంగుళాల గాజు ఒక పక్కనే పట్టుకుని నిలబడితే తగిలినప్పుడల్లా ఊగుతుంది.

మందం ఎంత అంటే, ఈ సైజు ఫిక్స్‌డ్ గాజుకి 10 ఎం.ఎం. పెట్టండి, మీవారి మాట ఇక్కడ నెగ్గుతుంది. బరువు 40 కిలోల దాకా ఉంటుంది, ఇద్దరు మనుషులు జాగ్రత్తగా ఎక్కించాలి. 8 ఎం.ఎం. కూడా నిలబడుతుంది, బడ్జెట్ బిగువైతే అదే తీసుకోండి, కాని ఆ తేడా డబ్బు కంటే హార్డ్‌వేర్ మీద రాజీ పడితేనే అసలు నష్టం. కొటేషన్‌లో గాజు చదరపు అడుగు ఇంత అని వేస్తారు, హింజ్‌లు, బ్రాకెట్లు, ఛానళ్లు, రబ్బరు బీడింగు "ఫిట్టింగ్స్" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. ఆ ఒక్క మాటని విడగొట్టి రాయించండి. 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీలా, ఇత్తడి మీద క్రోమ్ పూతా, లేక జింక్ మిశ్రమమా అని అడగండి. జింక్ మిశ్రమం మీద పూత పోయిందంటే తడిలో పొక్కులు లేస్తుంది. షాపులో అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకోలేదు కాబట్టి 304 అని చెప్తే నమ్మి వచ్చేయకండి, చవక రకం 202 స్టీలు కూడా అయస్కాంతానికి అంతగా అంటుకోదు, తడి బాత్రూమ్‌లో మాత్రం తొందరగా తుప్పు మరకలు పడుతుంది. బిల్లు మీద గ్రేడ్ రాసిస్తారా అని అడగండి, రాయడానికి వెనకాడే చోట కొనకండి.

మరిదిగారి భయం సంగతి. గాజు దానంతటదే పగలడం అనేది వట్టి మాట కాదు, నిజంగానే జరుగుతుంది, అరుదుగా. గాజు తయారీలో నికెల్ సల్ఫైడ్ అనే కంటికి కనపడనంత చిన్న రేణువు లోపల చిక్కుకుంటే అది మెల్లగా ఉబ్బుతూ ఎప్పుడో ఒక రోజు మొత్తం గాజుని పగలగొడుతుంది. అలాంటివి ఫ్యాక్టరీలోనే బయటపడాలని గాజుని కొన్ని గంటలపాటు 250 డిగ్రీలు దాటిన వేడిలో ఉంచుతారు, దాన్ని హీట్ సోక్ టెస్ట్ అంటారు, ఆ టెస్ట్ చేసిన గాజు దొరుకుతుందేమో అడగండి, కొంచెం ఎక్కువ పడుతుంది. కాని ఇళ్లలో పగిలేవాటిలో అంచు దెబ్బతినడాన్ని తక్కువ అంచనా వేయకూడదు. టఫెన్డ్ గాజుకి మధ్యలో బలం, అంచుల్లో ప్రాణం. మధ్యలో పిల్లాడు బంతితో కొట్టినా ఏమీ కాదు, ఫిట్టింగ్ రోజు దాన్ని లిఫ్ట్ దగ్గర వట్టి టైల్ మీద నిలబెట్టినప్పుడు మూల కాస్త చిట్లితే చాలు, ఆ రోజు పగలకపోయినా ఆ దెబ్బ అలాగే ఉండిపోతుంది. అందుకే గాజు వచ్చిన రోజు మీరు దగ్గరుండండి. చెక్క ముక్కో రబ్బరు పట్టీయో వేసి దాని మీదే నిలబెట్టమనండి, నాలుగు అంచులూ మూలలూ వేలితో తడిమి చూడండి, ఎక్కడైనా గరుగ్గా పెచ్చు లేచినట్టు ఉంటే వెనక్కి పంపేయండి. గాజు మూలలో చెరగని అచ్చు ఉంటుంది, అందులో ఐఎస్ఐ గుర్తూ ఐఎస్ 2553 అనే నంబరూ ఉన్నాయేమో చూడండి, అది భద్రత గాజుకి మన దేశపు ప్రమాణం. అచ్చే లేని గాజు టఫెన్డ్ అని ఎవరు ఎంత ఒట్టేసి చెప్పినా బాత్రూమ్‌లో పెట్టకండి, మామూలు గాజు పగిలితే కత్తుల్లా చీలుతుంది. టఫెన్డ్ పగిలితే పటిక బెల్లం ముక్కల్లా రాలుతుంది, గీసుకోవచ్చేమో గాని లోతుగా కోయడం అరుదు. చిన్నపిల్లలున్నారు కాబట్టి ఇంకో జాగ్రత్త కూడా చెప్తాను, నున్నటి వైపు సేఫ్టీ ఫిల్మ్ అంటించుకుంటే పగిలినా ముక్కలు చాలావరకు ఫిల్మ్‌కే అంటుకుని ఉంటాయి.

కర్టెన్ కూడా తీసిపారేయాల్సింది కాదు. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకి నేను మొదట చెప్పేది అదే. ఒంటికి అతుక్కుంటుంది, కింద అంచు నల్లబడుతుంది, నెలకోసారి ఉతకాలి, అంతే. మీ ఇంట్లో ఆ 28 అంగుళాల దారి దగ్గర ఒక చిన్న రాడ్ వేసి ఉంచండి. ముందు రోజుల్లో ఎలా ఉందో చూసి, పిల్లలు షవర్ తిప్పి బయటికి చిమ్ముతుంటే అప్పుడు అక్కడ చిన్న కర్టెన్ వేలాడదీయవచ్చు. చలికాలంలో గాలి తగలకుండా కూడా బాగుంటుంది.

ఇంతసేపూ గాజు గురించే మాట్లాడాం, కాని మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది "వచ్చే వారం టైల్స్ పని" అన్న మాట. ఎందుకంటే తలుపు లేని గాజు పని చేయాలంటే నేల వాలు సరిగా ఉండి తీరాలి, అది టైల్స్ వాడి చేతిలోనే ఉంది. ఎంత ఖరీదైన ఎన్‌క్లోజర్ పెట్టినా నేల వాలు కమోడ్ వైపుకి ఉంటే నీళ్లు గాజు కిందనుంచి ఇవతలికే వస్తాయి, తర్వాత సిలికాన్ మీద సిలికాన్ పూస్తూ కూర్చోవాలి. స్నానం జాగాలో అడుగుకి పావు అంగుళం వాలు ఉండాలి. మీ మూడడుగులకి లెక్కేస్తే గాజు గీత దగ్గరికంటే చివరి గోడ దగ్గర ముప్పావు అంగుళం దిగువ ఉండాలి. ఆ చివరి గోడ పొడవునా పొడవాటి స్టీల్ జాలీ పెట్టిస్తే వాలు ఒకటే దిక్కుకి సరిపోతుంది, పెద్ద టైల్స్ వేసినా నడుస్తుంది. అలా కాకుండా మామూలు చదరపు జాలీ మధ్యలో పెడితే నాలుగు దిక్కులనుంచీ వాలు రావాలి, అప్పుడు రెండడుగుల టైల్స్ కుదరవు, అడుగు లేదా అంతకంటే చిన్న టైల్స్ వాడాలి. పాత నహానీ ట్రాప్, అంటే నేలలో నీళ్లు పోయే గొట్టం బుట్ట, ఎక్కడుందో, దాని లోతు ఎంతో ప్లంబర్‌తో చూపించుకుని అప్పుడు జాలీ ఏదో తేల్చుకోండి. పొడవాటి జాలీ పైమూత ఊడదీసి కడిగేలా ఉండాలి. మీ ఇంట్లో జుట్టూ కుంకుడు పిప్పీ అన్నీ అందులోకే పోతాయి.

మేస్త్రీ వాలు పెట్టాక, టైల్స్ అతికించక ముందే ఒక గోళీ తీసుకెళ్లి గాజు గీత మీద నాలుగైదు చోట్ల వదలండి. ప్రతి చోటినుంచీ జాలీ వైపుకే దొర్లాలి. ఎక్కడైనా ఆగినా, కమోడ్ వైపుకి తిరిగినా అక్కడ మళ్లీ సరిచేయించండి. మేస్త్రీ "టైల్ వేశాక సర్దుకుంటుందమ్మా" అంటాడు. సర్దుకోదు. గోళీ వద్దనుకుంటే మగ్గుడు నీళ్లు పోసి చూడండి, అదీ సరిపోతుంది.

దీనికంటే ముందు వాటర్‌ప్రూఫింగ్. రెండో అంతస్తు కాబట్టి మీ కింద ఒక కుటుంబం ఉంది. పాత టైల్స్ కొట్టేశాక కిందున్న పాత పూత దెబ్బతినకుండా ఉండదు, అందుకని కొత్తగా వేయించి, గోడల మీదికి షవర్ ఉన్నచోట ఆరడుగుల దాకా, మిగతాచోట కనీసం అడుగు ఎత్తు దాకా తెచ్చి, మూలలూ గొట్టాల చుట్టూ జాలీ గుడ్డతో బిగించి పూయాలి. ఆరాక జాలీ మూసేసి రెండంగుళాల నీళ్లు నిలబెట్టి 24 గంటలు, వీలైతే 48 గంటలు ఉంచండి. కింది ఫ్లాట్ వాళ్లకి ముందే చెప్పి, మరుసటి రోజు వాళ్ల బాత్రూమ్ సీలింగ్ మీరే వెళ్లి చూడండి. ఆ ఒక్క రోజు కోసం కాంట్రాక్టర్ తొందర పెడతాడు, మీరు తొందరపడకండి. షవర్ ఎన్‌క్లోజర్‌కి కేటాయించిన డబ్బులో కొంత దీనికి మళ్లించాల్సి వచ్చినా మళ్లించండి, గాజు ఆర్నెల్లు ఆగి అయినా పెట్టుకోవచ్చు, ఇది మళ్లీ కుదరదు. తర్వాత గాజు ఫిట్ చేసేవాళ్లు నేలలో డ్రిల్ వేస్తామంటే ఒప్పుకోకండి. ఆ రంధ్రం నేరుగా ఈ పూతలోకే దిగుతుంది. నేల మీద ఛానల్‌నీ గాజునీ సిలికాన్‌తో అతికిస్తే చాలు, స్క్రూలు గోడకే. సిలికాన్ కూడా ఫంగస్ పట్టని, వెనిగర్ వాసన రాని న్యూట్రల్ రకం అడగండి, పూశాక ఒక రోజంతా నీళ్లు తగలకుండా ఉంచండి.

గాజు కింద గట్టు కట్టమని మేస్త్రీ అడుగుతాడు. వద్దు. రెండంగుళాల గ్రానైట్ గట్టు నీళ్లని ఆపుతుంది, నిజమే, అత్తయ్యగారి కాలిని కూడా ఆపుతుంది. మోకాలు సరిగా వంగనివాళ్లు అలాంటి చిన్న గట్టుకే తట్టుకుంటారు, పెద్ద మెట్టుకి జాగ్రత్తగా కాలెత్తుతారు గాని చిన్నదాన్ని పట్టించుకోరు. వాలు సరిగా ఉంటే గట్టు అక్కర్లేదు. నేల టైల్స్ మ్యాట్ రకం, తడిలో జారనివి తీసుకోండి. షాపులోనే టైల్ మీద నీళ్లు చల్లి, నాలుగు చుక్కలు సబ్బు నీళ్లు కూడా వేసి, చెప్పు విప్పి పాదంతో రుద్ది చూడండి. తలంటు రోజు నూనె, కుంకుడు రసం కలిసి నేల మీద పడితే ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదు.

ఒక ముఖ్యమైన మాట. గాజు పెట్టగానే ఇంట్లో అందరూ తెలియకుండానే దాని అంచు పట్టుకోవడం మొదలుపెడతారు, కొందరు దానికే టవల్ రాడ్ బిగిస్తారు. అత్తయ్యగారు లేచేటప్పుడు ఒంటి బరువు మోపడానికి గాజూ టవల్ రాడ్డూ పనికిరావు. కుడి గోడకి, దారి పక్కనే, నేలనుంచి 33 నుంచి 36 అంగుళాల ఎత్తులో ఒక గట్టి స్టీల్ పట్టు కడ్డీ పెట్టించండి, కమోడ్ పక్కన గోడకి ఇంకోటి. ఇవి కూడా టైల్స్‌కి ముందే నిర్ణయించుకుంటే ఆ చోట గోడ గట్టిగా ఉందో లేదో చూసుకోవచ్చు. బాత్రూమ్ ప్రధాన తలుపుకి లోపలి గడియ తీసేసి బయటినుంచి నాణెంతోనో తాళంతోనో తీయగలిగే లాక్ వేయించండి. తలుపు లేని గాజు చెప్పడానికి ఇది కూడా ఒక కారణం, లోపల ఎవరైనా పడితే మధ్యలో ఇంకో తలుపు అడ్డం ఉండకూడదు. ఎవరేం చెప్పినా మీవారు తలుపే కావాలని పట్టుబడితే, అది బయటికి తెరుచుకునేదిగా ఉండాలి, లోపలికి మాత్రమే తెరుచుకుంటే పడిపోయిన మనిషే దానికి అడ్డం అవుతారు.

షవర్ తిప్పే హ్యాండిల్ ఎక్కడ పెట్టాలన్నది చాలామంది గాజు బిగించాకే గమనిస్తారు. మీ పైపులు ఎడమ గోడలో ఉండుంటాయి, హ్యాండిల్ కూడా అక్కడే పెడితే గాజు వెనక్కి వెళ్లి, షవర్ కింద నిలబడి తిప్పాలి, మొదటి చల్లనీళ్లన్నీ నెత్తి మీదే. ఎలాగూ గోడలు కొడుతున్నారు కాబట్టి హ్యాండిల్‌నీ, బకెట్టు కొళాయినీ, చేతి షవర్‌నీ కుడి గోడకి, దారిలోంచి చేయి అందే చోటికి తెప్పించండి. పైన షవర్ మాత్రం ఎడమ సగంలో, గాజు చాటున, నిలువుగా కిందికి పడేలా ఉండాలి. అది దారివైపుకి చూస్తే ఈ ఏర్పాటంతా దండగ.

బోరునీళ్ల గురించి దాచకుండా చెప్పాలి. మన తాగునీటి ప్రమాణంలో మొత్తం కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాములు ఉంటే మంచిది, వేరే నీళ్లు లేనప్పుడు 600 దాకా సరిపెట్టుకోవచ్చు. మీ నీళ్లు ఎక్కడున్నాయో ఒకసారి పరీక్ష చేయించుకోండి. కాఠిన్యం ఎక్కువుంటే ఏ గాజైనా తెల్ల చుక్కలు పడుతుంది, చుక్క ఆరిపోయాక అందులోని కాల్షియం గాజు మీదే మిగులుతుంది, దాని మీద సబ్బు తోడైతే పొరలా కడుతుంది. నానో కోటింగ్ వేయించుకోండి అంటారు, వేయిస్తే నీళ్లు జారిపోయి శుభ్రం చేయడం తేలికవుతుంది గాని కొన్నాళ్లకి అరిగిపోతుంది, మళ్లీ వేయించాలి, తుడిచే పని మాత్రం తప్పదు. దానికి పెట్టే డబ్బు కంటే గోడకి తగిలించే ఒక చిన్న రబ్బరు వైపర్ మేలు. చివర స్నానం చేసినవాళ్లు పైనుంచి కిందికి నాలుగు సార్లు లాగేయాలి, అర నిమిషం పని. అప్పటికే మరకలు పడితే వెనిగర్‌లో సగం నీళ్లు కలిపి, గుడ్డతో పట్టించి, కాసేపాగి కడిగేయండి. మార్బుల్ ఉన్నచోట మాత్రం వెనిగర్ వాడకూడదు, రాయి పాలిష్ పోతుంది. బాత్రూమ్ యాసిడ్ గాజు దగ్గరికి రానివ్వకండి, క్రోమ్ పూతని తినేస్తుంది, పనిమనిషికి కూడా చెప్పి ఉంచండి. ఆ యాసిడ్‌నీ బ్లీచింగ్‌నీ ఒకేసారి అసలు వాడకూడదు, రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది.

అందుకే గాజు రకంలో కూడా ఆలోచించండి. పూర్తి పారదర్శకం అయితే బాత్రూమ్ పెద్దగా కనపడుతుంది, ప్రతి చుక్కా కూడా కనపడుతుంది. మీ ఇంట్లో కమోడ్ పక్కనే కాబట్టి, పిల్లలూ పెద్దలూ ఉన్నారు కాబట్టి నాకు నిలువు గీతల ఫ్లూటెడ్ గాజు గాని, మసక గాజు గాని బాగుంటుందనిపిస్తుంది, చుక్కలు అంతగా తెలియవు, చాటు కూడా ఉంటుంది. గరుకు వైపుని బయటికీ నున్నటి వైపుని షవర్ వైపుకీ తిప్పి బిగించమనండి. గరుకులో సబ్బు పట్టిందంటే ఎంత రుద్దినా వదలదు. నల్లటి ఫ్రేములు ఫొటోల్లో బాగుంటాయి గాని మన నీళ్లకి వాటి మీద తెల్ల మరకలు కొట్టొచ్చినట్టు కనపడతాయి, నేనైతే బోరునీళ్ల ఇంట్లో పెట్టనివ్వను.

గీజర్ మాటేమీ రాయలేదు మీరు. అది గ్యాస్ గీజర్ అయ్యుండి బాత్రూమ్ లోపలే ఉంటే, ఈ పనిలోనే దాన్ని బయట బాల్కనీకో యుటిలిటీకో మార్పించండి. తలుపులు మూసి ఉన్న చిన్న గదిలో గ్యాస్ గీజర్ మండితే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది, దానికి రంగూ వాసనా ఉండవు, దానివల్ల ప్రాణాలు పోయిన వార్తలు ప్రతి చలికాలం వస్తూనే ఉన్నాయి. కరెంటు గీజర్ అయితే దాన్ని విప్పి రిపేరు చేసే చోటు గాజు పెట్టాక కూడా మిగిలేలా చూసుకోండి. ఎగ్జాస్ట్ ఫ్యాను తప్పనిసరి, గాజు సీలింగ్ దాకా మూసేయకుండా ఆరున్నర అడుగుల దగ్గర ఆపమన్నది కూడా ఆవిరి బయటికి పోవాలనే.

టైల్స్ పని మొదలయ్యే ముందు ఒక పని చేయండి. పాత నేల మీద సుద్దముక్కతో గాజు గీత, దారి గీసి, అత్తయ్యగారు రోజూ వాడే స్టూలూ బకెట్టూ అందులో పెట్టి, పొడిగా ఉన్నప్పుడే ఆవిడని ఒకసారి కూర్చుని లేవమనండి. కొళాయి ఎక్కడ అందుతుందో, లేచేటప్పుడు చేయి దేనికోసం వెతుకుతుందో ఆవిడ చూపించిన చోటే గోడ మీద గుర్తు పెట్టండి, నేను చెప్పిన అంగుళాలకీ ఆ గుర్తులకీ తేడా వస్తే ఆ గుర్తులే ఖాయం చేయండి. ప్లంబర్ ఆ ప్రకారం పైపులు వేసి గోడ ఇంకా తెరిచి ఉండగానే, టేపు పక్కన పెట్టి, నేలనుంచీ మూలనుంచీ ఎంత దూరంలో ఏ పైపు ఉందో కనపడేలా నాలుగు గోడలకీ ఫొటోలు తీసి ఉంచుకోండి. గాజు బ్రాకెట్లకీ పట్టు కడ్డీలకీ డ్రిల్ పెట్టేవాడికి ముందు ఆ ఫొటోలు చూపించి, ఆ తర్వాతే మెషిన్ ఆన్ చేయనివ్వండి.